దానియేలు ఏ వైపు కూర్చున్నాడు

సరిగ్గా మూడింటికి పోలీసు కమిషనర్ బాలెర్ తన జేబు గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. పక్కనే అరెస్టు వారంటు ఉంది. పేరు, నేరం, తేదీ అన్నీ టైపు కొట్టేశారు. ఇక లేనిది జడ్జి సంతకం ఒక్కటే.

"జడ్జిగారు నాలుగూ యాభై రైలుకి దిగుతారు. ఐదింటికి సంతకం. ఐదుంపావుకి ఓడిల్ హీమాన్ జైలు బండిలో ఉంటుంది," అన్నాడు బాలెర్. "మీ చేతిలో రెండు గంటలున్నాయి, ఘెంట్ దొరగారూ. కాఫీ తాగుతూ గడిపేసినా నాకేం అభ్యంతరం లేదు."

ఇన్‌స్పెక్టర్ రెముండ్ వైక్ ఆ పొద్దున్నే ఘెంట్ నగరం నుంచి వచ్చాడు. పంపింది జడ్జిగారే. ఊరి ఆస్తి ఉన్న గదిలో ఒకరి తల పగిలింది కాబట్టి బయటి మనిషి కూడా ఓసారి చూస్తే మంచిదని ఆయన అనుకున్నాడు. బాలెర్‌కి అది తన మొహాన కొట్టినట్టే అనిపించింది. అందుకే ఆ గది తాళంచెవి మధ్యాహ్నం దాకా తన జేబులోంచి తీయలేదు.

కేసు చూస్తే సాదా సీదాగానే ఉంది. మంగళవారం సాయంత్రం నాలుగింటికి లావెర్గెమ్ టౌన్‌హాలు పై అంతస్తులో, పాత తీర్పుల గదిలో, రికార్డుల అధికారి ఫిర్మాన్ క్లాస్ నేల మీద బోర్లా పడి కనిపించాడు. నిప్పులు ఎగదోసే ఇనపకడ్డీతో వెనక నుంచి ఒకే దెబ్బ. రెండు రోజులైనా ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదు. ఆ గదికి రెండే తాళంచెవులు. ఒకటి ఫిర్మాన్ జేబులో దొరికింది. రెండోది గది గోడకున్న పెద్ద రంగుల బొమ్మను శుభ్రం చేయడానికి నెల కిందట వచ్చిన ఓడిల్ దగ్గర ఉంది. ఆమె కొట్టగా కళ్ళారా చూశామని ఇద్దరు సాక్షులు చెప్పారు. మామూలు సాక్షులు కాదు, ఊళ్ళో వాళ్ళు ఎదురొస్తే జనం టోపీలు తీస్తారు.

"ఒక్క పని చేసిపెట్టండి," అన్నాడు రెముండ్. "ఇద్దర్నీ విడివిడిగా పంపండి."

బాలెర్ పొట్ట అదిరేలా నవ్వాడు. "అనుకున్నా. ఆ గదిలో ఉన్న బొమ్మ ఎవరిదో మీకు తెలిసిపోయిందన్నమాట."

"సూసన్న తీర్పు అని విన్నాను."

"మా ఊళ్ళో ఉయ్యాల్లో పిల్లకైనా తెలుసు ఆ కథ. ఇద్దరు పెద్దమనుషులు తోటలో స్నానం చేస్తున్న ఇల్లాలి మీద కన్నేశారు. ఆవిడ ఛీ పొమ్మంది. దాంతో ఎవడితోనో చెట్టు కింద ఉండగా చూశామని ఇద్దరూ సాక్ష్యం చెప్పారు. ఆవిడకి చావు శిక్ష పడింది. అప్పుడు దానియేలు అనే కుర్రాడు అడ్డుపడి, ఇద్దర్నీ విడదీసి, ఏ చెట్టు కింద చూశారని అడిగాడు. చెరో చెట్టు చెప్పి దొరికిపోయారు." బాలెర్ వారంటు మీద వేలితో తట్టాడు. "మా సాక్షులిద్దరూ ఊరి పెద్దలుగా ఆ బొమ్మ ముందు కూర్చుని ముప్ఫై ఏళ్ళు తీర్పులు చెప్పినవాళ్ళు. మీరు చెట్టు అడిగితే ఆకులు కూడా లెక్కపెట్టి చెబుతారు."

"చెట్టు అడగనులెండి," అన్నాడు రెముండ్.

నిజానికి ఏం అడగాలో అతనికీ తెలియదు. రెండు సాక్ష్యాల కాగితాలూ రైల్లో నాలుగుసార్లు చదివాడు. ఒకే నోటితో చెప్పినట్టున్నాయి. నిజం చెప్పేవాళ్ళిద్దరి మాటలు అంత బాగా అతకవని అతని అనుభవం. కానీ అనుభవాన్ని జడ్జి ముందు పెడితే ఆయన సంతకం ఆపడు.

మూడూ పదికి మొదటి సాక్షి వచ్చాడు. ఒక్టాఫ్ పెర్సోన్స్, డెబ్భై నాలుగేళ్ళు, దస్తావేజులు రాసే నోటరీగా పనిచేసి మానేశాడు. ఊరి పురాతన వస్తువుల సంఘానికి ఇప్పుడు అధ్యక్షుడు. చేతి తొడుగులు విప్పి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి, మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మంగళవారం ఎన్నింటికి పైకెళ్ళారు?"

"మూడుంపావు గంటలు మోగుతుంటే మెట్ల మీదున్నాం. నేనూ, కామీలూ."

"ఏం పని మీద?"

"ఆదివారం ఆ గది మళ్ళీ తెరుస్తున్నాం. యుద్ధంలో, నలభై నాలుగులో, బాంబు పడి పైకప్పు కూలింది. అప్పట్నించి తాళమే. బొమ్మ కూడా ఇన్నాళ్ళూ పెట్టెలోనే ఉంది. ఏర్పాట్లు ఎంతవరకొచ్చాయో చూద్దామని వెళ్ళాం."

"తలుపు?"

"జానెడు తెరిచుంది. ఫిర్మాన్ గోడవైపు తిరిగి బొమ్మను చూస్తున్నాడు. ఆ అమ్మాయి వెనక నుంచి కొట్టింది. ఒక్కటే దెబ్బ."

"మీరు కేకెయ్యలేదు."

ఒక్టాఫ్ తల దించుకున్నాడు. "ముసలాళ్ళం, ఇన్‌స్పెక్టరుగారూ. కాళ్ళు వణికి దిగిపోయాం. ఆ పిరికితనం తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది." ఆ మాట అన్న తీరు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. రెముండ్‌కీ వేసింది.

"ఆమె ఎక్కడ నిలబడి ఉంది?"

"దానియేలు కింద."

"నేనింకా గది చూడలేదు. గోడకి ఒక చివర కిటికీ, ఇంకో చివర గోడపొయ్యి ఉన్నాయట. దానియేలు ఏ వైపు?"

"కిటికీ వైపు," అన్నాడు ఒక్టాఫ్. రెప్ప కూడా వేయలేదు. బాలెర్ గీసిన పటంలోనూ నెత్తుటి మరక కిటికీ వైపే ఉంది.

మూడున్నరకి రెండో సాక్షి కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. కామీల్ గూతాల్స్, డెబ్భై ఎనిమిదేళ్ళు, మూడు తరాలుగా బీరు కాచే ఇంటివాడు. కోటు చేతుల మీద గింజల దుమ్ము ఉంది. కూర్చుంటూనే, "త్వరగా వదిలేస్తావా నాయనా? నాలుగింటికల్లా పావురాలకి మేత వెయ్యాలి. ఆలస్యమైతే నా మీద అలుగుతాయి," అన్నాడు.

ఈయన సాక్ష్యమూ గడగడా సాగింది. మూడుంపావు గంటలు, మెట్లు, జానెడు తెరిచిన తలుపు, వెనక నుంచి ఒకే దెబ్బ, దానియేలు కింద. చిలక పలికినట్టు పలికి ఊపిరి పీల్చుకున్నాడు.

"దానియేలు ఏ వైపు?" అన్నాడు రెముండ్.

"పొయ్యి వైపు."

పెన్సిలు ఆగింది. రెముండ్ తల ఎత్తకుండా, గొంతు మారకుండా అడిగాడు. "ఖాయమేనా?"

"భలేవాడివే," అన్నాడు కామీల్, కాస్త నొచ్చుకుని. "ముప్ఫై ఏళ్ళు ఆ గదిలో కూర్చున్నానయ్యా. నా కుర్చీ పొయ్యి పక్కనే. చలికాలం మడమలు కాలిపోయేవి. తలెత్తితే ఎదురుగా దానియేలు, చాచిన వేలు సరిగ్గా నా ముక్కు మీద. ఎవరైనా తెలిసినవాడి కేసొచ్చి మనసు అటూ ఇటూ ఊగితే ఆ వేలు చూసి బుద్ధి తెచ్చుకునేవాణ్ణి."

"మంగళవారం చూసినప్పుడు బొమ్మ ఎలా ఉంది?"

కామీల్ కోటు మీది గింజల దుమ్ము దులుపుకున్నాడు. "బాగుంది. శుభ్రంగా ఉంది. ఎప్పట్లాగే ఉంది."

అతను బయటికెళ్ళాక, గుమ్మంలో నిలబడి అంతా విన్న బాలెర్ చేతులు కట్టుకుని లోపలికొచ్చాడు. "చెప్పెయ్యండి. మీ మొహం చూస్తే లాటరీ తగిలినట్టుంది."

"ఒకరు కిటికీ అన్నారు, ఒకరు పొయ్యి అన్నారు."

"ఇనపకడ్డీ ఎక్కడుంటుంది? పొయ్యి దగ్గర. ముసలాయన బుర్రలో కడ్డీ, పొయ్యి కలిసిపోయాయి. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి అటూ ఇటూ మారిస్తే దాన్ని అబద్ధమంటారా? మా నాన్న నా పేరు మర్చిపోయి కుక్క పేరుతో పిలిచేవాడు."

"ఆయన మీద కేసు పెట్టమన్నానా?"

"మరి ఏమంటున్నారు? ఒక్టాఫ్‌గారు సరిగ్గా చెప్పారు. నెత్తురు ఎక్కడుందో అక్కడే చెప్పారు. నాకు ఒక్క గట్టి సాక్షీ, ఒక మెత్తటి సాక్షీ చాలు." బాలెర్ గడియారం వైపు చూశాడు. "మూడూ నలభై ఎనిమిది."

రెముండ్ పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. బాలెర్ చెప్పిందాంట్లో తప్పేం లేదు. అదే అతన్ని బాధపెట్టింది.

ఓడిల్ హీమాన్‌ను కింది అంతస్తులో ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టారు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. గోళ్ళ సందుల్లో వార్నిషు మరకలు. ముందు పెట్టిన కాఫీ తాగినట్టు లేదు, బిస్కెట్టు మాత్రం పొడి పొడిగా నలిపేసింది.

"మూడుంపావుకి ఎక్కడున్నావమ్మా?"

"దూది కొనడానికి రెండున్నరకి బయటికెళ్ళాను. మందులషాపు ఆయన నేనొచ్చానంటాడు, ఎన్నింటికో గుర్తులేదంటాడు. ఊళ్ళో ఎవరికీ నేను గుర్తులేను. ఇద్దరికి తప్ప."

"నీకూ ఫిర్మాన్‌కీ గొడవలేమైనా?"

"ఆయనా నేనూ గొడవపడితే ఒకే ఒక్క విషయం మీద పడతాం. అది చెప్పనని ఆయనకి మాటిచ్చాను. ముందు తాను ఒకర్ని అడిగి తేల్చుకోవాలన్నాడు. తేలకుండా బయటపెడితే ఒక పెద్దమనిషి పరువు పోతుందన్నాడు."

"నీ ప్రాణం మీదికొచ్చాక కూడా మాటేనా?"

ఆమె కళ్ళు దించలేదు. "ఆయన లేచి కూర్చుంటే చెప్తాడు. లేవకపోతే, నేనిప్పుడు చెప్పినందుకు ఆయనకిచ్చిన ఆఖరి మాట తప్పినదాన్నవుతాను. రెండు రోజులుగా ఇదే ఆలోచిస్తున్నానండీ, నాకు దారి దొరకలేదు. జైలంటే భయమే. చాలా భయం."

రెముండ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. వేరే దారిన వెళ్దామని, "ఇంత పెద్ద గదిలో ఈ బొమ్మే ఎందుకు పెట్టుకున్నారు?" అన్నాడు.

"ఒక్కటి గమనించారా? సూసన్నను గీసినవాళ్ళు వందమంది ఉంటారు. అందరూ ఆవిడ స్నానం చేస్తుంటే పొదల చాటునుంచి ముసలాళ్ళు చూసే ఘట్టమే గీశారు. గీయించుకున్న ధనవంతులకీ అదే కావాలి. చూసేవాడూ మూడో ముసలాడైపోతాడు." ఆమె మొదటిసారి కొంచెం నవ్వింది. "ఆవిడకి తీర్పు దొరికిన ఘట్టం గీయించినవి ఇలాంటి ఊళ్ళే. న్యాయం చెప్పేవాళ్ళ కళ్ళెదురుగా ఉండాలని. అందుకే అలాంటి బొమ్మలో పొరపాటు గీతలుండవు. సాక్షి ఎలా నిలబడాలి, చెయ్యెలా ఎత్తాలి అన్నీ పద్ధతి ప్రకారం ఉంటాయి."

ఆమె ఆగింది. తర్వాత నెమ్మదిగా అంది. "చెప్పనని మాటిచ్చాను. మిమ్మల్ని చూడొద్దంటానని మాత్రం ఎవరికీ మాటివ్వలేదు. పైకెళ్ళి చూడండి. తీరిగ్గా చూడండి."

నాలుగూ పదికి రెముండ్ తీర్పుల గది తాళం తీశాడు.

గోడ పొడుగునా బొమ్మ. ఎడమ చివర కిటికీ, దాని కింద నేల మీద నల్లబడిన మరక. కుడి చివర గోడపొయ్యి. కిటికీ వైపు ఎత్తయిన ఆసనం మీద దానియేలు, వేలు చాచి ఉన్నాడు. మధ్యలో ఇద్దరు ముసలాళ్ళు, ఒకణ్ణి భటుడు పక్కకి లాక్కుపోతున్నాడు. పొయ్యి వైపు చివర తల్లిదండ్రుల మధ్య సూసన్న. ఒక్టాఫ్ చెప్పింది అక్షరాలా నిజం. దానియేలు కిటికీ వైపే ఉన్నాడు.

రెముండ్ మూడు సార్లు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. నాలుగోసారి ముసలాళ్ళ ముందు ఆగాడు. ఇద్దరూ ప్రమాణం చేస్తూ చెయ్యెత్తారు. తానూ వాళ్ళలాగే చెయ్యెత్తి చూశాడు. కోర్టులో వెయ్యిసార్లు ఎత్తిన చెయ్యి కాదు లేచింది. అది ఎడమ చెయ్యి.

దానియేలు చాచిందీ ఎడమ చెయ్యే. భటుడి కత్తి కుడి నడుముకి వేలాడుతోంది. అక్కడి నుంచి దూయాలంటే చెయ్యి మెలితిరుగుతుంది.

రెముండ్ మెట్లు దిగి, కింద పెళ్ళిళ్ళు నమోదు చేసే గదిలో బల్ల మీదున్న పెళ్ళి పుస్తకాల దొంతరలోంచి ఒకటి తీసుకుని మళ్ళీ పైకొచ్చాడు. లావెర్గెమ్‌లో పెళ్ళయిన ప్రతి జంటకీ ఊరి పెద్దలు ఆ పుస్తకం ఇస్తారు. పుట్టే పిల్లల పేర్లన్నీ అందులోనే రాయించుకోవాలి. మొదటి పేజీలో సూసన్న తీర్పు ముద్రించి ఉంటుంది. పుస్తకం తెరిచి గోడతో పోల్చాడు. దానియేలు ఎడమ చివర, సూసన్న కుడి చివర. చేతుల దగ్గర్నించి భటుడి కత్తి దాకా అచ్చు గుద్దినట్టు ఒక్కటే.

"ఎంత ముచ్చటగా కలిశాయో చూశారా?" గుమ్మంలోంచి బాలెర్ గొంతు వినిపించింది. "మీకు పెళ్ళి కాలేదు కాబట్టి ఆ పుస్తకం కొత్త. మా ఇంట్లో వంటగది సొరుగులో ఉంటుంది. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పోయిన నెల పెట్టె విప్పి బొమ్మ తగిలించినప్పుడు వచ్చినవాళ్ళందరూ ఒకటే మాటన్నారు. మన పుస్తకంలో ఉన్నట్టే ఉందని."

"అదే తప్పు," అన్నాడు రెముండ్.

"ఏది?"

"ఇక్కడ, అట్టడుగున సన్న అక్షరాల్లో ఏముందో చదవండి."

బాలెర్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "తీర్పుల గదిలోని మూలచిత్రం చూసి రాగిరేకు మీద చెక్కినది."

"మా నాన్న ఘెంట్‌లో అచ్చుయంత్రం నడిపాడు. రాగిరేకు మీద కళ్ళతో చూసింది చూసినట్టు చెక్కి కాగితం మీద ఒత్తితే అటుది ఇటు పడుతుంది. అద్దంలో చూసుకున్నట్టు. అందుకే పుస్తకంలో అందరూ ఎడమ చేత్తో ప్రమాణం చేస్తున్నారు. పుస్తకంలో దానియేలు ఎడమ చివర ఉన్నాడంటే, గోడ మీద కుడి చివర ఉండాలి." రెముండ్ పొయ్యి వైపు చూపించాడు. "అక్కడ. కామీల్‌గారు చెప్పిన చోట."

బాలెర్ పుస్తకం వైపు, గోడ వైపు, మళ్ళీ పుస్తకం వైపు చూశాడు.

"పుస్తకం చూసి గీసిన బొమ్మ ఇది," అన్నాడు రెముండ్. "మీ ఊళ్ళో అందరికీ పుస్తకం కంఠోపాఠం. ఈ గదిలోకొచ్చి అసలు బొమ్మను రోజూ చూసినవాళ్ళు పదిమంది ఉండరు. పుస్తకంలా ఉంటే అసలుదే అనుకుంటారని గీయించినవాడికి బాగా తెలుసు. ఓడిల్ రంగు తుడుస్తూ పట్టుకుంది. ఫిర్మాన్‌కి చెప్పింది. ఫిర్మాన్ మర్యాదస్తుడు, ముందు ఆ పెద్దమనిషినే పిలిచి అడిగాడు."

"ఏ పెద్దమనిషిని?"

"పొరపాటు చెప్పినవాడు కాదు. సరిగ్గా చెప్పినవాడు." రెముండ్ గొంతు తగ్గించాడు. "ఒక్టాఫ్‌గారూ అన్నేళ్ళు ఇదే గదిలో కూర్చున్నారు కదా? అన్నేళ్ళు దానియేలును పొయ్యి వైపు చూసిన మనిషి, వెళ్ళేసరికి కిటికీ వైపు కనిపిస్తే ఇదేమిటని ఒక్కసారైనా అడగడా? యుద్ధంలో బొమ్మను దాచే బాధ్యత ఎవరిది?"

బాలెర్ కళ్ళజోడు తీసి మడిచాడు. "పురాతన వస్తువుల సంఘానిది. అంటే ఒక్టాఫ్‌గారిది." తర్వాత మొండిగా తల ఊపాడు. "ఇదంతా మీ ఊహ. ఆయన నాకు పెళ్ళిలో సాక్షి సంతకం పెట్టాడు. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి అని చెప్పి నేను ఆయన గుమ్మం తొక్కను. జడ్జిగారూ ఒప్పుకోరు. రెండు సాక్ష్యాలు రెండు సాక్ష్యాలే."

"అందుకే ఒకటి తగ్గించాలి. కామీల్‌గారు ఇంకా కిందే ఉన్నారా?"

"ఇద్దరూ ఉన్నారు. ఒక్టాఫ్‌గారి కార్లోనే కదా ఇంటికెళ్ళాలి."

నాలుగూ ముప్ఫై అయిదుకి కామీల్ మెట్లెక్కి వచ్చాడు. గుమ్మంలో టోపీ తీశాడు, గుళ్ళోకి వచ్చినట్టు. ఎవరూ చెప్పకుండానే కర్ర పొడుచుకుంటూ తిన్నగా పొయ్యి దగ్గరికి నడిచాడు. అక్కడ కుర్చీ లేదు. ఉన్నచోట నిలబడి, అలవాటుగా తలెత్తాడు.

దానియేలు వేలు ఉండాల్సిన చోట సూసన్న మొహం ఉంది. ఆమె చూపు సరిగ్గా అతని మీద పడుతోంది.

"దానియేలు ఏడీ?" అన్నాడు కామీల్. నెమ్మదిగా ఆ చివరికి చూశాడు. "అక్కడికెందుకు పోయాడు? ఎవరు మార్చారు?"

రెముండ్ పక్కకి జరిగి దారిచ్చాడు.

"బొమ్మను అటుది ఇటు తిప్పి తగిలించడం కుదరదుగా," తనలో తాను అనుకున్నట్టు అన్నాడు కామీల్. దగ్గరికెళ్ళి అంచు మీద వేలు పెట్టాడు. "ఇది మాది కాదు. నాయనా, ఇది మాది కాదు."

"మంగళవారం మీరు ఈ గుమ్మం దాకా వచ్చి ఉంటే ఈ ప్రశ్న మంగళవారమే అడిగేవారు," అన్నాడు రెముండ్.

కామీల్ కిటికీ అరుగు మీద కూలబడ్డాడు. కర్ర రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"ఒక్టాఫ్ బుధవారం పొద్దున మా ఇంటికొచ్చాడు. కళ్ళారా చూశానన్నాడు. ఒక్కడి మాట చాలదు, కోర్టుకి ఇద్దరు కావాలి, నాతో ఉన్నానని చెప్పరా, లేకపోతే ఆ మనిషిని కొట్టినది దర్జాగా తిరుగుతుంది అన్నాడు. నా మాట నమ్మవా అన్నాడు. యాభై ఏళ్ళ స్నేహం. వాడి మాట నమ్మకపోతే ఎవరి మాట నమ్మాలి? నిజానికే సాయం చేస్తున్నాననుకున్నాను." అతను సూసన్న వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "బొమ్మలో ఆ ఇద్దరు ముసలాళ్ళ మొహాలూ అన్నేళ్ళు చూశాను. నేనూ వాళ్ళలో ఒకణ్ణి అవుతానని కలలో కూడా అనుకోలేదు."

రెముండ్‌కి ఆయన్ని ఓదార్చాలనిపించింది. కానీ కింద ఫైళ్ళ గదిలో కూర్చున్న మనిషి గుర్తొచ్చి ఊరుకున్నాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒక్టాఫ్ పెర్సోన్స్ గుమ్మంలో నిలబడ్డాడు. కోటు గుండీలన్నీ పెట్టుకుని, చేతి తొడుగులు తొడుక్కుని, ఇంటికి బయల్దేరిన మనిషిలా ఉన్నాడు. గదిలో ముగ్గుర్నీ చూశాడు. అతని మొహంలో ఏమీ మారలేదు.

"చలి పెరుగుతోంది, పదరా కామీల్. పావురాలు నీకోసం చూస్తుంటాయి."

"వస్తాను. ఒక్క మాట చెప్పరా," అన్నాడు కామీల్. "దానియేలు ఏ వైపు ఉండేవాడు?"

ఒక్టాఫ్ గోడ వైపు చూశాడు. స్నేహితుడి వైపు చూడలేదు. "కిటికీ వైపే. ఎప్పుడూ అక్కడే. నీకు వయసు మీద పడిందిరా."

"నీ కుర్చీ నా పక్కనే ఉండేది. చలికాలం నీ మడమలూ కాలేవి. నువ్వే అనేవాడివి, ఆ కుర్రాడి వేలు మనల్ని వదలదురా అని." కామీల్ గొంతులో కోపం లేదు. "ఇంకోసారి అడుగుతున్నాను. నాకు చెప్పు. వీళ్ళకి కాదు, నాకు."

"కిటికీ వైపు," అన్నాడు ఒక్టాఫ్.

కామీల్ అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత రెముండ్ వైపు తిరిగాడు. "రాసుకో నాయనా. మంగళవారం మూడుంపావుకి నేను మా మేడ మీద పావురాల గూటి దగ్గరున్నాను. ఇక్కడికి రాలేదు. ఏమీ చూడలేదు. చెప్పినదంతా వీడు చెప్పమన్నదే."

రెముండ్ పెన్సిలు తీశాడు. బాలెర్ గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. అతని చేతిలో వారంటు నలిగిపోతోంది.

ఒక్టాఫ్ కుడిచేతి తొడుగు గుండీ విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. "రాస్తే అంతా రాయండి, ఇన్‌స్పెక్టరుగారూ. నలభై రెండు నవంబరులో అసలు బొమ్మను జర్మన్లకి అప్పగించిన కాగితం ఒకటుంది. నా దగ్గర భద్రంగా ఉంది. దాని మీద రెండు సంతకాలున్నాయి. రెండోది ఎవరిదో వీణ్ణే అడగండి."

జర్మన్ల మాట అప్పటిదాకా ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు. రెముండ్ ఆ మాట విని పెన్సిలు గట్టిగా పట్టుకున్నాడు. దేశాన్ని ఆక్రమించిన ఆ శత్రువుకి సంతకం పెట్టినవాళ్ళు యుద్ధం ముగిసి ఆరేళ్ళయినా ఇంకా జైళ్ళలో ఉన్నారు. బయట ఉన్నవాళ్ళకి ఓటు లేదు, పింఛను లేదు, వీధిలో పలకరించేవాళ్ళు లేరు.

కామీల్ మొహం సున్నం కొట్టినట్టయింది. "అది బొమ్మను దాచడానికి పంపే కాగితమన్నావు."

"నువ్వు చదవకుండా సంతకం పెట్టావు."

"నువ్విచ్చావు కాబట్టి చదవలేదు."

ఒక్టాఫ్ వెనక్కి తిరిగాడు. గుమ్మం దాటబోయాడు. బాలెర్ ఒక్క అడుగు పక్కకి వేసి దారికి అడ్డం నిలబడ్డాడు. ఆయన కళ్ళలోకి చూడలేదు, కానీ కదల్లేదు.

"కామీల్‌గారూ," అన్నాడు రెముండ్, "ఆ రెండో సంగతి ఇవాళే రాయాలని లేదు. మీరు వకీలుతో మాట్లాడి చెప్పొచ్చు. ఆలోచించుకోండి."

"ఆలోచిస్తే భయమేస్తుంది నాయనా. డెబ్భై ఎనిమిదేళ్ళొచ్చాక జైలు కూడు తినాలంటే భయమేస్తుంది. కింద ఆ పిల్లకీ వేస్తూనే ఉంటుంది." కామీల్ కర్ర మీద బరువు మోపి లేచి నిలబడ్డాడు. "ముందు ఆ పిల్లని ఇంటికి పంపండి. తర్వాత ఎంతసేపైనా కూర్చుంటాను. నా సంతకం సంగతీ రాయండి."